గూగుల్ క్యాలెండర్: ఇన్విటేషన్ ఏ మెయిల్ నుంచి వెళ్తోందో చూసుకున్నారా?

సొంత జీమెయిల్, ఆఫీసు అకౌంట్ రెండూ ఒకే ఫోన్‌లో ఉంటే గూగుల్ క్యాలెండర్ తికమక పెట్టేది ఇక్కడే. పంపే అడ్రస్‌కు విడిగా సెట్టింగ్ లేదు. ఈవెంట్ ఏ అకౌంట్ క్యాలెండర్‌లో పెడితే ఆ అకౌంటే ఆర్గనైజర్, అంటే ఇన్విటేషన్ దాని పేరుతోనే వెళ్తుంది. యాప్‌లో కొత్త ఈవెంట్ తెరవగానే అందులో కనిపించే మెయిల్ అడ్రస్ చూడండి. తప్పయితే దాన్ని నొక్కి, గెస్టులను చేర్చకముందే మార్చండి. ఇంత ముఖ్యమైన సంగతిని అంత చిన్న అక్షరాల్లో పెట్టడం మాత్రం బాగోలేదు.

కంప్యూటర్‌లో అయితే ముందు పై మూల ఫోటో నొక్కి సరైన అకౌంట్‌లోకి వెళ్లాలి. జీమెయిల్‌లో ‘సెండ్ మెయిల్ యాజ్’ కింద చేర్చుకున్న మారు అడ్రస్ ఇక్కడ పనిచేయదు. విడిగా సృష్టించుకున్న రెండో క్యాలెండర్ నుంచి పిలిస్తే ఆర్గనైజర్‌గా మీ పేరు బదులు ఆ క్యాలెండర్ పేరు కనిపించవచ్చు. క్లయింట్లకు అది వింతగా ఉంటుంది.

పంపేశాక తెలిస్తే? కంప్యూటర్‌లో ఈవెంట్ ఆప్షన్లలో ‘చేంజ్ ఓనర్’ ఉంది, కానీ కొత్త ఓనర్‌గా ఇచ్చిన అడ్రస్‌కు వచ్చిన మెయిల్‌లో ఒప్పుకున్నాకే మారుతుంది. మీటింగ్ చిన్నదైతే రద్దు చేసి మళ్లీ పంపడమే సులువు.

ఐఫోన్ సొంత క్యాలెండర్ యాప్ ఈ విషయంలో నయం: సెట్టింగ్స్‌లోని ‘డిఫాల్ట్ క్యాలెండర్’లో ఆఫీసుది ఎంచుకుంటే కొత్త ఈవెంట్లు మామూలుగా అందులోకే వెళ్తాయి.