మొత్తం అడిగితే వెళ్లిపోయినవాడు, సగమిచ్చి నిలిచినవాడు

లూకా సువార్త 18, 19 అధ్యాయాల్లో ఇద్దరు ధనవంతులు కనిపిస్తారు. ఒకడు అధికారి, చిన్నప్పటి నుంచీ ఆజ్ఞలన్నీ పాటిస్తున్నవాడు. రెండోవాడు యెరికో ఊళ్లో సుంకరుల (పన్ను వసూలు చేసేవాళ్ల) పెద్ద జక్కయ్య. ఊళ్లో అతనికి పాపి అనే పేరుంది.

అధికారిని యేసు ఉన్నదంతా అమ్మి పేదలకు పంచి, తన వెంట రమ్మన్నాడు. అతను మిక్కిలి దుఃఖపడ్డాడు. జక్కయ్యను మాత్రం రూపాయి కూడా అడగలేదు, ఇంటికొస్తానన్నాడంతే. యేసును చూడాలని ఎక్కిన మేడిచెట్టు దిగి, ఆ పొట్టి మనిషి తనంతట తానే సగం ఆస్తి పేదలకిస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదేమైనా ఉంటే నాలుగంతలు తిరిగి కడతానన్నాడు. తప్పు ఒప్పుకున్నవాడు అసలుతోపాటు ఐదో వంతు కలిపిస్తే చాలని సంఖ్యాకాండం 5వ అధ్యాయం చెబుతుంది. నాలుగంతలనేది గొర్రెను దొంగిలించి అమ్మేసినవాడికి మోషే ధర్మశాస్త్రం వేసిన శిక్ష. ఆ లెక్కను జక్కయ్య తనకు తానే వేసుకున్నాడు! మిగిలిన సగంలో ఎంత నిలిచిందో మరి.

లెక్కప్రకారం సగం మొత్తం కాదు. అయినా రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, వచ్చింది జక్కయ్య ఇంటికే. నా మటుకు తేడా అంకెలో లేదు. అధికారి డబ్బు అతన్ని పట్టుకుని ఉంది, జక్కయ్య పట్టు వదిలేశాడు.

మన క్రైస్తవ కూడికల్లో దేవునికి సమర్పణ అనగానే ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వచ్చేవాళ్లు చేతులెత్తమంటారు. లేవి అనే సుంకరి నిజంగానే సమస్తం విడిచి వెళ్లాడు. జక్కయ్య ఉద్యోగం మానేశాడని మాత్రం లూకా ఎక్కడా రాయలేదు.