గడప దాకా వచ్చే వైద్యం: చెన్నైలో ‘మక్కళై తేడి మరుత్తువం’ సేవపై సమీక్ష

2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో మొదలై తమిళనాడు అంతటా విస్తరించిన ‘మక్కళై తేడి మరుత్తువం’ (ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం) అనే రాష్ట్ర ప్రభుత్వ సేవను చెన్నై తెలుగు కుటుంబాల వైపు నుంచి చూస్తే, దాని విలువ మందుల ఖర్చు తగ్గించడంలో కన్నా, మందు మధ్యలో ఆగిపోకుండా చూడడంలో ఎక్కువగా కనిపిస్తుంది. రక్తపోటు, మధుమేహం మాత్రలు ప్రభుత్వాసుపత్రుల్లో ముందునుంచీ ఉచితమే. అయితే వ్యాసర్పాడి, పుళియంతోపు వంటి ఉత్తర చెన్నై పేటల్లో దినకూలితో బతికేవారికి ఆసుపత్రి వరుసలో గడిచే పూట అంటే ఆ పూట కూలి పోవడమే.

ఈ సేవలో నాకు అన్నింటికన్నా నచ్చినది మనుషుల ఎంపిక. స్వయం సహాయక సంఘాల నుంచి వచ్చిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వచ్చి రక్తపోటు, చక్కెర పరీక్షించి, మాత్రలు అందజేసి, అవసరమైనవారిని ఆసుపత్రికి పంపుతారు. మంచాన పడినవారికి ఫిజియోథెరపీ, ఉపశమన చికిత్స కూడా ఇంటి వద్దనే ఉన్నాయి. డాక్టరు ముందు నోరు విప్పనివారు కూడా పొరుగు మనిషి అడిగితే మాత్రలు మానేసిన సంగతి దాచరు. 1960లలో అమెరికాలోని మిసిసిపీలో, మౌండ్ బయూ అనే ఊళ్లో నల్లజాతి పేదల కోసం వెలసిన ఆరోగ్య కేంద్రం కూడా స్థానికులకే శిక్షణ ఇచ్చి పనిలోకి తీసుకుంది.

తెల్లవారకముందే చీపురు పట్టే మన తెలుగు పారిశుద్ధ్య కార్మికుల కోసం సాయంత్రపు సందర్శనలూ, వారికి చదవడానికి వీలుగా తెలుగులో మందుల చీటీలూ ఉండాలని కోరుతూ, ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను.