దొంగ మైనింగ్‌కి ఏది మేలు: బ్రౌజర్ కాపలానా, కొన్న యాంటీవైరసా, ఫార్మాటా?

పాలకొల్లులో నాది డీటీపీ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, మేత కొట్లకి బిల్లు పుస్తకాలు. మాఘమాసం ముహూర్తాల హడావుడిలో ఒక సిస్టమ్ మొరాయించింది. ఫ్లెక్సీ ఫైలు సేవ్ కావడానికి పావుగంట. పనేమీ లేకపోయినా ఫ్యాను మాత్రం రొయ్యల చెరువులో ఏరేటర్‌లా ఒకటే మోత. ఏ ప్రోగ్రామ్ ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరవగానే టక్కున సద్దుమణిగేది, మూస్తే మళ్లీ మొదలు. దుమ్మనుకుని బ్లోయర్ కూడా కొట్టించాను.

దుమ్ము కాదండి. లోపల ఎవడో మొనీరో అనే క్రిప్టోకరెన్సీ తవ్వుకుంటున్నాడు, అంటే నా సిస్టమ్ చేత లెక్కలు చేయించి, దానికి వచ్చే డిజిటల్ డబ్బు తను వేసుకుంటున్నాడు. దీన్నే మైనింగ్ అంటారు. బిట్‌కాయిన్‌కైతే ప్రత్యేకమైన యంత్రాలు కావాలి. మొనీరో 2019 నవంబరు నుంచి వాడుతున్న రాండమ్‌ఎక్స్ పద్ధతికి మామూలు ప్రాసెసర్ చాలు. శివారు రైతుకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది: పైన ఎవడో కాలవ గట్టుకి దొంగ తూము పెట్టాడు, మన చేలో నాట్లు ఎండుతున్నాయి.

మా మేనల్లుడు విని, "మావయ్యా, వాడు తవ్వుకునే బదులు మనమే తవ్వుకుంటే పోలా?" అన్నాడు. లెక్క వేసి చూపించాను. అదనంగా వంద వాట్లు, రోజుకి 12 గంటలు అంటే నెలకి 36 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకుంటే 360. ఇలాంటి పాత సిస్టమ్‌లో వచ్చేది ఆ కరెంటుకే చాలదు. అమ్మి లాభం చూపిస్తే 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, అందులో కరెంటు ఖర్చు మినహాయించరు. వాడికి గిట్టిందంటే బిల్లు నేను కడుతున్నాను కాబట్టి.

ఇక మందు సంగతి. తెలిసినవాళ్లు తలా ఒకటి చెప్పారు.

బ్రౌజర్‌లో ప్రకటనల్నీ, ఇలాంటి స్క్రిప్టుల్నీ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోమన్నారు కొందరు. ఖర్చు లేదు, మంచిదే. వెబ్ పేజీలో స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) పెట్టి తవ్వే పద్ధతిని 2017 సెప్టెంబరులో వచ్చిన కాయిన్‌హైవ్ అనే సర్వీసు ఊరూరా పాకించింది. 2018లో మన రాష్ట్రంలో కొన్ని మునిసిపల్ వెబ్‌సైట్లలోనే అది బయటపడింది. 2019 మార్చిలో కాయిన్‌హైవ్ మూతపడింది, ఆ ఏడాదే ఫైర్‌ఫాక్స్ ఇలాంటి స్క్రిప్టులను తనంతట తానే ఆపడం మొదలెట్టింది. అయితే ఆ రకం ట్యాబ్ మూస్తే పోతుంది. నాది బ్రౌజర్ మొత్తం మూసినా పోలేదు.

డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనమన్నది ఇంకో సలహా. కొనబోయే ముందు విండోస్‌తో వచ్చిన యాంటీవైరస్ డిఫెండర్ ఎందుకు పట్టుకోలేదా అని సెట్టింగుల్లోకి వెళ్లాను. ఎక్స్‌క్లూజన్స్ జాబితాలో సీ డ్రైవ్ మొత్తం ఉంది! అంటే ఆ డ్రైవ్ వైపు చూడొద్దని ఎవరో దానికి చెప్పారన్నమాట. ఆ ఎవరో నేనే. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌ని డబ్బు కట్టకుండా వాడుకునేందుకు దాని క్రాక్ (దొంగ కాపీ) వేసేటప్పుడు "ముందు యాంటీవైరస్ ఆపండి" అంటే ఆపి, అడ్మిన్ అనుమతి అడిగితే యెస్ నొక్కాను. మిగతాది ఆ క్రాకే రాసుకుంది. ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా ఆ రోజు నా చేత్తోనే ఆపేసేవాణ్ణి. క్రాకులు ముట్టనివాళ్లకి డిఫెండరే చాలు, నన్నడిగితే.

అందుకని డిస్కు మొత్తం తుడిచి విండోస్ మళ్లీ వేసే ఫార్మాటే చేశాను. మైనర్ ఫైలు ఒక్కటీ వెతికి తీసేస్తే సరిపోదా అంటే, నేనూ అదే చేశాను ముందు. రీస్టార్ట్ చేసేసరికి మళ్లీ వచ్చింది. ప్రోగ్రాములను వాటంతట అవే మొదలుపెట్టించే టాస్క్ షెడ్యూలర్‌లో దానికో పద్దు ఉంది. అలాంటివి ఇంకెన్ని దాచిందో వెతికే ఓపిక నాకు లేదు. ఒక రోజు బేరం పోయింది. పాస్‌వర్డులన్నీ వేరే సిస్టమ్‌లోంచి మార్చుకున్నాను. పెన్‌డ్రైవ్‌లోకి ఫోటోలు, డిజైన్ ఫైళ్లే ఎక్కించాను, సెటప్ ఫైలు ఒక్కటీ తీసుకోలేదు.

ఈ దారిలో అసలు కష్టం ఫార్మాట్ అయ్యాక తెలిసింది. క్రాక్ లేదు కదా, మరి పనెలా? డిజైన్‌కి ఇంక్‌స్కేప్, ఫోటోలకి గింప్ వేసుకున్నాను, రెండూ ఉచితం. రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లూ ఉచితమే, శుభలేఖకి రామభద్ర నిండుగా ఉంటుంది. చెయ్యి తిరగడానికి నెల పట్టింది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లు మాత్రం ఇందులో గజిబిజి అక్షరాలుగా తెరుచుకుంటున్నాయి. వాటికోసం మా నాన్న కొన్న అసలు సీడీతో పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) నడిచే పాత సిస్టమ్ ఒకటి మూలన ఉంచాను, నెట్ వైరు పీకేసి. పెద్దమ్మాయి కార్డు మోడలే చిన్నమ్మాయికీ కావాలని ఎవరైనా వస్తే, "కాసేపు కూర్చోండి, టీ చెబుతాను" అంటున్నాను. అది ఆన్ అవడానికే ఆ టీ అయిపోతోంది, ఆయ్.