దేశం దారి తప్పుతుంటే: దూరంగా ఉండి ప్రార్థించాలా, రాజకీయాల్లోకి దిగాలా?

అవినీతి, అబద్ధం, ద్వేషం పెరిగిపోతుంటే క్రైస్తవ విశ్వాసుల మధ్య రెండే మాటలు వినిపిస్తాయి. రాజకీయం మనకెందుకు, ప్రార్థన, సువార్త చాలు అనేది ఒకటి. దిగి చట్టాలు మార్చాలనేది రెండోది.

మొదటిదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అధికారుల కోసం ప్రార్థించమని బైబిల్లో 1 తిమోతి 2లో ఉన్న మాట రోమా పాలన కింద, ఓటు అనే ఊసే లేని విశ్వాసులకు రాసింది. మా సంఘంలో ఒక పెద్దావిడ తనకు అస్సలు నచ్చని నాయకుడి పేరు పలికి మరీ కన్నీళ్లతో ప్రార్థిస్తుంది, అది చూశాక నేను కోపంగా రాసిన పోస్టు ఒకటి తీసేశాను.

కానీ ప్రార్థన పేరుతో నోరు మూసుకుంటే? క్రైస్తవ విశ్వాసి అయిన ఎంపీ విలియం విల్బర్‌ఫోర్స్ బానిసల వ్యాపారం ఆపాలని బ్రిటిష్ పార్లమెంటులో ఏళ్ల తరబడి ఓడిపోతూనే నిలబడ్డాడు, 1807లో బానిసల వ్యాపారం నిషేధమైంది, 1833లో బానిసత్వ రద్దు చట్టం వచ్చింది.

రెండో దారిలో గొయ్యి కూడా లోతే. 1930లలో జర్మనీలో ఎంతోమంది క్రైస్తవులు దేశం బాగుపడుతుందని నమ్మి హిట్లర్ వెనక నడిచారు. 1934లో అక్కడి బార్మెన్‌ అనే ఊళ్లో కూడిన కొందరు క్రైస్తవులు మాత్రం సంఘం వినాల్సింది క్రీస్తు మాటే అని తేల్చి చెప్పారు.

నా ఓటు రెండో దారికే, కానీ పార్టీకి అమ్ముడుపోకుండా. ఎదుటి పార్టీవాడి అబద్ధాన్ని నిలదీసిన గొంతుతోనే మనవాడినీ నిలదీయాలి, తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని 1 పేతురు 4:17 చెబుతోంది కాబట్టి ముందు మన సంఘం లెక్కల పుస్తకం తెరిచి చూపించాలి.