ఇండిపెండెంట్ డిప్లొమాట్: గుర్తింపు కోరే చిన్న దేశానికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

రేటింగ్: 5కు 3.5

బ్రిటిష్ విదేశాంగ శాఖను వదిలి వచ్చిన కార్న్ రాస్ 2004లో పెట్టిన లాభాపేక్ష లేని దౌత్య సలహా సంస్థ ఇది. సెర్బియా నుంచి విడిపోయిన కొసోవో, సోమాలియా నుంచి విడిపోయిన సోమాలీలాండ్, పశ్చిమ సహారా స్వాతంత్ర్యం కోసం పోరాడే పొలిసారియో ఫ్రంట్ దీని సేవలు తీసుకున్నాయి. ఐరాసలో సభ్యత్వం ఉన్నా సిబ్బంది బొత్తిగా తక్కువైన మార్షల్ దీవులు కూడా వాతావరణ చర్చల కోసం దీని సాయం తీసుకున్నాయి.

వీళ్ల దగ్గర దొరికేది లోపలి పద్ధతి తెలిసిన సలహా. ఓట్లు దొరకవు. భద్రతా మండలిలో తమ గురించే చర్చ జరుగుతున్నా, గుర్తింపు లేని దేశానికి అక్కడ సొంత హోదాలో కుర్చీ ఉండదు. ముసాయిదా తీర్మానం ఎవరు రాస్తున్నారు, ఏ వాక్యం ఏ రాజధానికి గిట్టదు, ఏ దశలో మాట చేరవేస్తే ఫలితం ఉంటుంది అన్నవి బయట నిలబడ్డవాళ్లకు అందవు. ఆ లోటు తీర్చడంలో ఈ సంస్థకు పూర్తి మార్కులు ఇవ్వొచ్చు.

మార్కుల్లో కోత వీటో దగ్గర. ఐరాస సభ్యత్వానికి మండలిలో 15కు 9 ఓట్లు రావాలి, ఐదు శాశ్వత దేశాల్లో ఒక్కటీ అడ్డు చెప్పకూడదు, ఆపైన సర్వప్రతినిధి సభలో మూడింట రెండొంతుల మద్దతు కావాలి. కొసోవోను గుర్తించని రష్యాకు వీటో ఉన్నచోట ఎంత మంచి సలహాదారైనా చేసేదేమీ లేదు. పాలస్తీనా 2011లో పెట్టిన దరఖాస్తు మండలి గడప దాటలేదు. 2012 నవంబరు 29న వీటో లేని సర్వప్రతినిధి సభకు వెళ్తే 138–9 ఓట్లతో పరిశీలక దేశ హోదా వచ్చింది, దాంతో అంతర్జాతీయ ఒప్పందాల్లో చేరే దారీ తెరుచుకుంది.

అందుకే ఇలాంటి సేవకు డబ్బు పెట్టేవాళ్లు ‘సభ్యత్వం తెప్పించండి’ అనకుండా పక్క తలుపుల వరుస, అంటే ముందు చేరగలిగే ఇతర సంస్థల జాబితా, అడగాలి. కొసోవో 2009 జూన్‌లో ఐఎంఎఫ్‌లో చేరింది. అక్కడ ఓటు బరువు కోటాను బట్టి ఉంటుంది, సభ్యత్వాన్ని ఆపడం రష్యా ఒక్కదాని వల్ల కాదు. 2015 నవంబరులో యునెస్కో దగ్గర మాత్రం దెబ్బ తగిలింది: అనుకూలం 92, వ్యతిరేకం 50, కావాల్సినవి 95 (పడ్డ ఓట్లలో మూడింట రెండొంతులు). మూడు ఓట్లు తక్కువ పడ్డాయని అందరూ అన్నారు. అసలు లెక్క ఇంకోలా చూడాలి. అక్కడ ఓటింగుకు దూరంగా ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. ఆ 50లో నాలుగు దేశాలు ఊరుకుని ఉంటే మొత్తం 138కి దిగేది, అందులో మూడింట రెండొంతులు సరిగ్గా 92! ‘ఔను’ అనిపించడం కష్టం, ఎందుకంటే అది గుర్తింపుగా చదువుతారేమోనని భయం. ఊరుకోబెట్టడం అంతకంటే తేలిక. ఏ దేశంలో ఆ నిర్ణయం ఎవరి బల్ల మీద జరుగుతుంది, వాళ్ల భయం ఏమిటి (స్పెయిన్‌కు విడిపోతానంటున్న కాటలోనియా, సైప్రస్‌కు విడిపోయి ఉన్న ఉత్తర భాగం) అని దేశాలవారీగా పట్టిక ఇచ్చేవాడే పనికొచ్చే సలహాదారు.

వాషింగ్టన్ లాబీయింగ్ కంపెనీలతో పోలిస్తే? అవి ముఖ్యంగా అమెరికా చట్టసభ కాంగ్రెస్ సభ్యుల తలుపులు తట్టిస్తాయి. అమెరికాలో విదేశీ పక్షం తరఫున పనిచేస్తే ఫారా చట్టం కింద న్యాయశాఖ దగ్గర నమోదు కావాలి. ఒప్పందం, చెల్లింపులు, ఎవరిని కలిశారో అన్నీ ఇంటర్నెట్‌లో పడతాయి. ఎదుటి పక్షం రాయబార కార్యాలయం వాటిని తీరిగ్గా చదువుకుంటుంది. కాబట్టి వ్యూహాన్ని ఒప్పంద పత్రంలో రాయకండి.

ఎన్ని గుర్తింపులొస్తే అంత ఫీజు అనే షరతు అసలొద్దు. జార్జియా నుంచి విడిపోయిన అబ్ఖాజియాను 2011లో గుర్తించిన పసిఫిక్ ద్వీప దేశాల్లో వనౌతు 2013లో, తువాలు 2014లో వెనక్కి తగ్గాయి. అలా వచ్చి పోయే లెక్కకు డబ్బు కట్టడం దండగ.

సొంత విదేశాంగ శాఖలో ఈ పనికే కనీసం ఇద్దరు పూర్తికాలం అధికారులు లేకపోతే ఈ సేవ తీసుకోకపోవడమే మేలు. సలహా వస్తుంది, దాన్ని వెంటబడి నడిపేవాళ్లు ఉండరు. ఒప్పందం ముగిశాక ఆ దేశాల పట్టిక, సమావేశాల నోట్సు ఎవరి దగ్గర ఉంటాయో సంతకానికి ముందే రాయించుకోండి.