డిసెంబరు మంచుకు నిలిచే సీరియల్ సెట్ ఏది?

దసరాకు, పైడితల్లి సిరిమానుకు, దీపావళికి అమ్మిన సీరియల్ సెట్లే డిసెంబరు వచ్చేసరికి విజయనగరం షాపుల్లో క్రిస్మస్ స్టార్ల పక్కన వేలాడతాయి. పెట్టె అదే, వెలుగూ అదే. కాని ఆ పండగలకు రెండు మూడు రాత్రులు వెలిగితే చాలు. క్రిస్మస్‌కు డిసెంబరు మొదటి వారంలో గెడకు స్టార్ ఎక్కిందంటే కొత్త సంవత్సరం దాకా, కొన్ని ఇళ్లలో సంక్రాంతి దాకా దిగదు. నెల రోజులు ఆరుబయట, అదీ మంచులో ఉండాలి. షాపులో వెలిగించి చూపించినప్పుడు ఈ తేడా తెలియదు.

వాన నీరు జారిపోతుంది, ఎండకు ఆరిపోతుంది. మంచు మాత్రం రాత్రి మొదలై తెల్లారి ఎండెక్కేదాకా బల్బు మొదట్లోని సన్న సందులోకి ఇంకుతూనే ఉంటుంది. కరెంటు పారే బల్బు కాళ్లకు చెమ్మ తగిలితే చిలుము పడుతుంది. చిలుము తిన్న కాలు తెగుతుంది. బల్బుతో పాటు దాని వరస మొత్తం ఆరిపోతుంది. శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడై ఇదంతా ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే ఇక్కడ ముందు చూసింది తీగ, అతుకు, అడాప్టర్. వెలుగు సంగతి ఆ తర్వాత.

అన్నిటికంటే చవకైన సెట్ అందరికీ తెలిసిందే: సన్నని తీగ, రెండు పిన్నుల ప్లగ్, మధ్యలో ఎనిమిది రకాలుగా మిణికించే చిన్న కంట్రోలర్ డబ్బా. అడాప్టర్ ఉండదు. 230 వోల్టులు నేరుగా తీగలోకే వస్తాయి. ఒక్కో ఎల్‌ఈడీకి కావలసింది సుమారు 3 వోల్టులే కాబట్టి పదుల కొద్దీ బల్బుల్ని ఒకే వరసలో కలిపేస్తారు. ఒకటి పోతే ఆ వరసంతా చీకటి. అంతకంటే పెద్ద భయం వేరే ఉంది: ఎక్కడ తొక్క లేచినా చేతికి తగిలేది ఇంటి కరెంటే. కొనేముందు తీగకు చిన్న అయస్కాంతం ఆనించి చూడండి. అతుక్కుందంటే లోపల ఉన్నది రాగి పూత పూసిన ఇనుము. నాలుగుసార్లు వంచితే తెగుతుంది, తడికి తుప్పు పడుతుంది. వరండా లోపల పశువుల పాక బొమ్మల చుట్టూ పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టుకుంటే సరే. చెట్టుకు, ఇనుప గేటుకు వద్దే వద్దు. ఐదుకు ఒకటిన్నర మార్కులు.

ఆరుబయటకు కొనదగ్గది అడాప్టర్ సెట్. ప్లగ్ దగ్గరే కరెంటును 24 లేదా 31 వోల్టులకు దించుతుంది. 31 వోల్టుల సెట్‌లో పదేసి బల్బులు ఒక వరస, అలాంటి వరసలు పక్కపక్కన. ఒక బల్బు పోతే పది ఆరతాయి, తొంభై వెలుగుతాయి. 100 బల్బుల 10 మీటర్ల సెట్‌కు 6 వాట్లకు అటూఇటూగా ఖర్చవుతుంది. తీగ రబ్బరుదై, బల్బు మొదలు పోతపోసినట్టు తీగతో కలిసిపోయి ఉండాలి. గోటితో లాగితే టోపీ ఊడొచ్చే రకమైతే పెట్టెలోనే వదిలేయండి.

పెట్టె మీది ఐపీ నంబరులో (దుమ్ముకు, నీటికి ఎంత తట్టుకుంటుందో చెప్పేది) చిన్న మోసం దాగి ఉంటుంది. ఐపీ44 అంటే నలువైపుల నుంచి పడే చిందులకు తట్టుకుంటుందని, ఐపీ65 అంటే పైపుతో నీళ్లు కొట్టినా ఆగుతుందని అర్థం. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఐపీ65 అని ఉన్నా అది తీగ వరకే కావచ్చు. అడాప్టర్ వెనక సన్నక్షరాల్లో ఐపీ20 ఉందంటే దానికి తడి తగలనే కూడదు. ఎల్‌ఈడీ తోరణాలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి, ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూడండి. ఈ సెట్లలో ఒక్క విసుగుంది: చాలా కంట్రోలర్లకు జ్ఞాపకం ఉండదు. కరెంటు పోయి వచ్చినా, టైమర్ ఆపి మళ్లీ వెలిగించినా నిలకడ వెలుగు మానేసి మొదటి మిణుకుకు వెళ్లిపోతాయి. టైమర్ పెట్టే ఇంట్లో రోజూ సాయంత్రం ఒకరు వెళ్లి బటన్ నొక్కాల్సిందే. 'మెమరీ' ఉన్న సెట్ అని అడిగి, షాపులోనే ప్లగ్ పీకి మళ్లీ పెట్టించి చూడండి. ఐదుకు నాలుగున్నర. మెమరీ లేకపోతే మూడున్నరే.

రోప్ లైట్ (ప్లాస్టిక్ గొట్టంలో దీపాలు పొదిగినది) గోడ అంచుకు తిన్నగా కూర్చుంటుంది, తుడవడం సులువు. కాని ఇదీ ఎక్కువగా 230 వోల్టులదే. కత్తెర గుర్తు ఉన్న చోటే కోయాలి, కోసిన కొసకు టోపీ పెట్టి సిలికాన్ పూయాలి. చుట్టగా ఉండగానే వెలిగించి పరీక్షిస్తే వేడికి లోపల కరుగుతుంది. మూడు. సోలార్ సెట్ల సంగతి: డిసెంబరు చివర మన దగ్గర పగలు పదకొండు గంటలే. పలక మామిడిచెట్టు నీడలో పడితే రాత్రి భోజనాల వేళకే వెలుగు నీరసిస్తుంది. పలకను దక్షిణం వైపు ఎండలో పెట్టగలిగితే, ప్లగ్ అందని గేటు పక్క పొదకు పనికొస్తాయి. రెండున్నర. గోడ మీద ఆకుపచ్చ చుక్కలు చల్లే లేజర్ యంత్రం జోలికి పోకండి. రోడ్డున వెళ్లేవాళ్ల కళ్లలో పడుతుంది, పైగా అందమూ లేదు.

రంగు దగ్గరికొస్తే, పెట్టె మీద 'వార్మ్ వైట్' లేదా 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుగు ఛాయను చెప్పే కొలత) అని ఉన్నది తీసుకోండి. నెయ్యి దీపం రంగు అది, ఆకుల పచ్చదనాన్ని చంపదు. 6500 కెల్విన్ తెలుపు ఆస్పత్రి వరండాలా ఉంటుంది. నీలం మంచులో మసకబారి కళ్లకు గుచ్చుకుంటుంది. అన్ని షాపుల సెట్ల వార్మ్ వైట్ ఒకే ఛాయలో ఉండదు కాబట్టి కావలసినవన్నీ ఒకే కంపెనీవి, ఒకేసారి కొనాలి. ఎరుపు, ఆకుపచ్చ కావాలంటే స్టార్‌కు వదిలేయండి.

వాకిలంతా దీపాలు పరిస్తే పెళ్లి పందిరి అవుతుంది. నాలుగు చోట్లే చాలు: చూరు గీత, ఒక చెట్టు, గేటు మీది పొద, స్టార్. మధ్యలో చీకటి ఉంటేనే వెలుగు తెలుస్తుంది. ముప్పై అడుగుల ముందు భాగానికి చూరు వెంట 10 మీటర్ల సెట్ ఒకటి. కొబ్బరిచెట్టుకు లెక్క వేరు: కాండం చుట్టుకొలత మీటరుకు కాస్త తక్కువ, చుట్టుకూ చుట్టుకూ పది సెంటీమీటర్ల ఎడం వదిలితే 10 మీటర్ల సెట్ మీటరు ఎత్తుకే సరిపోతుంది. రెండు మీటర్లు చుట్టాలంటే రెండు సెట్లు. మట్టలు రాలిన గాట్లలో తీగ కూర్చుంటుంది, మేకు అక్కర్లేదు. గేటు మీది కాగితంపూల పొదకు మరో రెండు. మొత్తం ఐదు సెట్లు, 30 వాట్లు. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా వెలిగితే నెలకు నాలుగున్నర యూనిట్లు. కరెంటు బిల్లుకు భయపడాల్సింది లేదు.

బిగించేముందు సెట్లన్నీ నేల మీద పరిచి అరగంట వెలిగించండి. పోయేది ఏదైనా ఉంటే అక్కడే పోతుంది. చెట్టుకు ఎప్పుడూ ప్లగ్ కొస కింద ఉంచి మొదలు నుంచి పైకి చుట్టాలి. పైనుంచి మొదలుపెడితే మిగిలిన ప్లగ్ గాలిలో వేలాడుతుంది. కట్టడానికి ప్లాస్టిక్ ట్యాగులు, అవీ వేలు దూరేంత వదులుగా. బైండింగ్ వైర్ తొక్కను కోస్తుంది. కరెంటు స్తంభానికి ఏదీ కట్టకండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పెట్టడమే ఎక్కువ ఇళ్లలో జరిగే తప్పు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో బోర్డు, అడాప్టర్లు అన్నీ పెట్టి, రెండు మూడడుగుల ఎత్తున చూరు కింద బిగించండి. తీగలు డబ్బా అడుగు నుంచే లోపలికి వెళ్లాలి. వెళ్లేముందు ప్రతి తీగా డబ్బా కంటే కిందికి ఒక వంపు తిరగాలి. తీగ వెంట జారే మంచునీరు ఆ వంపు దగ్గర బొట్టుగా రాలిపోతుంది, వంపు లేకపోతే నేరుగా ప్లగ్‌లోకి దిగుతుంది. బోర్డుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రాగి కేబుల్, ఎర్త్ ఉన్న ప్లగ్ వాడాలి. మామూలు ఇన్సులేషన్ టేపు మంచుకు వారంలో జిగురు వదులుతుంది. బయట అతుకు తప్పనప్పుడు లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే బిగుసుకునేది) తొడగాలి. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే పడిపోయి సరఫరా ఆపే స్విచ్) లేకపోతే దీపాల కంటే ముందు ఎలక్ట్రీషియన్‌తో అది పెట్టించండి. ఉంటే టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి, పడుతోందో లేదో చూడండి. రాత్రి బాగున్నది తెల్లారుజామున పదే పదే పడిపోతోందంటే ఎక్కడో అతుకులోనో ప్లగ్‌లోనో మంచు దిగి ఉండొచ్చు. సెట్లు ఒక్కొక్కటే పీకి చూస్తే దొరుకుతుంది.

కాగితం స్టార్ చూరు కిందైతేనే నిలుస్తుంది, గెడ మీద రెండు రాత్రులకే మెత్తబడి వాలిపోతుంది. గెడకు వెదురు బద్దల మీద రంగు సెలోఫేన్ కాగితం అంటించినదో, ప్లాస్టిక్‌దో ఎక్కించండి. లోపల 5 నుంచి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. పాత 60 వాట్ల బల్బు వేడికి కాగితం మాడుతుంది. కింది కొసన చిన్న రంధ్రం పొడిస్తే లోపల పేరుకున్న నీరు కారిపోతుంది.

సెట్లు దించాక ఒక పూట ఎండలో ఆరబెట్టి, మోచేతికి కాకుండా అట్టముక్కకు చుట్టి, మూత బిగిసే రేకుడబ్బాలో పెట్టండి. అట్టపెట్టెలో అటకెక్కిస్తే వచ్చే ఏడాదికి ఎలుకలు కొరికిన ముక్కలే మిగులుతాయి.