పెండ్లి మంత్రాలకు బ్యాటరీ స్పీకర్: బోస్ ఎస్1 ప్రో చానా కాలం వాడినాక

మా నాయన కడపలో పౌరోహిత్యం చేస్తారు, పెండ్లిళ్లకు ఆయన వెంబడి పోయి మైకు, స్పీకర్ చూసుకునేది నేనే. దేవుని కడప, ఒంటిమిట్ట, పుష్పగిరి, గండి, ఇట్ల గుళ్ల కాడ జరిగే పెండ్లిళ్లు మాకు ఎక్కువ. ఆడ ప్లగ్గు ఉంటే ఉన్నట్టు లేకుంటే లేనట్టు, ఉన్నా యాడో స్తంభం వెనకాల ఉంటాది, ఆడి నుంచి వైరు లాగితే పట్టుచీరల్లో వచ్చే ఆడోళ్లు, పరిగెత్తే పిల్లోళ్లు అంతా దాని మీదనే నడుస్తారు. అందుకే మాకు బ్యాటరీ స్పీకర్ తప్పనిసరి. బోస్ ఎస్1 ప్రో ఏండ్లుగా వాడుతున్నా కాబట్టి కొనాలనుకునే వాళ్లకు పనికొస్తాదని రాస్తున్నా.

పెండ్లికి స్పీకర్ అంటే అందరూ బేసు, లైట్లు, వాట్లు చూస్తారు. పాటలకు, బరాత్‌కు డీజే వాళ్లు ఉంటారు, వాళ్ల లెక్క వేరే. పెండ్లి తంతుకు కావాల్సింది మనిషి గొంతు తేటగా వినపడడం. కన్యాదానం అప్పుడు రెండు పక్కలా గోత్రం, ప్రవర, మూడు తరాల పేర్లు చదువుతారు కదా, ఆ పేర్లు ఆఖరి వరస కుర్చీలో కూర్చున్న పెద్దాయనకు అక్షరం పోకుండా చేరాల. చనిపోయిన తన నాయన పేరు మైకులో వినపడినప్పుడు ఆ పెద్దాయన సర్దుకుని కూర్చుంటాడు, నేను చానా చోట్ల చూసినా. నాకు స్పీకర్ మంచిదా కాదా తెలిసేది ఆడనే.

ఈ స్పీకర్ బరువు సుమారు 7 కేజీలు, పైన పిడి ఉంటాది, ఒక చేత్తో ఇది, ఇంకో చేత్తో స్టాండు పట్టుకుని గుడి మెట్లు ఎక్కొచ్చు. లోపల ఊఫర్, అంటే బేసు పలికే పెద్ద కోను, 6 అంగుళాలదే. రెండు మైకులు పెట్టుకోవచ్చు, ప్రతిదానికీ వాల్యూమ్, ట్రెబుల్ (పై స్వరాలు), బేస్, రివర్బ్ (గొంతుకు మారుమోత కలిపేది) వేరేవేరే నాబ్‌లు. మూడో ఛానెల్‌లో ఫోన్ వైరుతో గానీ బ్లూటూత్‌తో గానీ. టోన్‌మ్యాచ్ అని ఒక స్విచ్ ఉంటాది, మైకా గిటారా అనేదాన్ని బట్టి సౌండు సర్దేది, దాన్ని మైకు మీద పెట్టండి. ఇంక నేను చేసేది ఏందంటే రివర్బ్ పూర్తిగా సున్నా, బేస్ కొంచెం తగ్గించడం. రాతి మండపంలో ముందే గొంతు మారుమోగుతాది, దానికి రివర్బ్ తోడైతే ఒక మంత్రం తోక ఇంకో మంత్రం తల మీద పడి ఏమీ అర్థం కాదు. బేస్ తగ్గిస్తే పొడిగా ఉంటాదేమో అనుకుంటారు గానీ మాట తెలిసేది పై స్వరాల్లోనే, హల్లులన్నీ ఆడనే ఉండేది.

బ్యాటరీ 11 గంటల దాకా వస్తాదని కంపెనీ చెప్పేది. పెండ్లికి అది చాలు, మంత్రాలకు ఎవరూ ఫుల్లు సౌండు పెట్టరు కదా. లిథియం అయాన్ బ్యాటరీ, అయిపోతే మనమే తీసి మార్చుకోవచ్చు. ఈ బ్యాటరీ సంగతి కొంచెం పొడుగ్గా చెప్తా, ఎందుకంటే జనాలు మోసపోయేది దీంట్లోనే. అంతకుముందు మా దగ్గర ఒక ట్రాలీ స్పీకర్ ఉండె, కంపెనీ పేరు వద్దులే, దాంట్లో ఉండేది లెడ్ యాసిడ్ బ్యాటరీ. పెండ్లిళ్ల సీజన్లో బాగానే ఉండె. ఆషాఢం వచ్చె, మూఢం వచ్చె, ముహూర్తాలు లేక మూలన పెడితే శ్రావణంలో తీసేసరికి అరగంట కూడా నిలవలా. లెడ్ యాసిడ్ బ్యాటరీని చార్జింగు తగ్గిన స్థితిలో వదిలేస్తే లోపల పలకల మీద సల్ఫేటు గట్టిపడుతాది, మళ్లా ఎంత చార్జింగు పెట్టినా ముందటి మాదిరి రాదు. అది వాడేవాళ్లు పనిలేని నెలల్లో కూడా మధ్యమధ్యలో ఫుల్లు చార్జింగు పెడుతుండాల. లిథియం దానికి పద్ధతి వేరే, సగం చార్జింగుతో చల్లగా ఉండే చోట పెడితే చాలు. మన కడప ఎండలు తెలిసినవే కదా, మే నెలలో కారు డిక్కీలో పెట్టి మర్చిపోవద్దు. ఎండలో కాగిన స్పీకర్‌ను ఇంటికి తెచ్చిన వెంటనే చార్జింగు పెట్టేది కూడా వద్దు, లిథియం బ్యాటరీలను మామూలుగా 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయకూడదు, కాసేపు ఫ్యాను కింద పెట్టి చల్లారినాక పెట్టండి.

మైకు వేరే కొనాల, ఎస్1 ప్రోలో వైర్‌లెస్ రిసీవర్ లేదు. 2023లో వచ్చిన ఎస్1 ప్రో ప్లస్‌లో వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్లు పెట్టుకునే అరలు దాంట్లోనే ఉండాయి, కొత్తగా కొనేవాళ్లు అది చూడండి. ఎస్1 ప్రో ఫాంటమ్ పవర్, అంటే మైకుకు వైరులోనే పంపే కరెంటు, ఇవ్వదు కాబట్టి ఆ కరెంటుతో పనిచేసే కండెన్సర్ మైకు నేరుగా పెడితే పలకదు, ఇది గుర్తుపెట్టుకోండి. మా నాయనకు కాలర్ మైకు సరిపోలా. చొక్కా ఉండదు, ఉత్తరీయానికి క్లిప్పు పెడితే చెయ్యి ఎత్తిన ప్రతిసారీ పట్టు గుడ్డ రాసుకుని బరబరమంటాది. చెవికి తగిలించుకునే హెడ్‌సెట్ మైకు పెట్టినాక ఆ బాధ లేదు, తల యాడ తిప్పినా నోటికి అంతే దూరంలో ఉంటాది. ట్రాన్స్‌మిటర్ పంచె మొలలో దోపుకుంటారు, ఆయన హోమం వైపు తిరిగితే ఒళ్లు అడ్డం వస్తాది, అందుకని రిసీవర్‌ను నేను పీటల పక్కనే, ఆయన నడుము కనపడేట్టు పెడతా. వైర్‌లెస్ మైకుల్లో 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద నడిచేవాటి కంటే యూహెచ్ఎఫ్ అనే వేరే తరంగాల రకం మేలు, వైఫై, బ్లూటూత్ అంతా ఆ 2.4 మీదనే నడుస్తాయి, జనాలు నిండినాక ఆ మైకు తెగిపోతుంటాది.

స్పీకర్ పెట్టే చోటు ముఖ్యం. సౌండును కొలిచేది డెసిబెల్స్‌లో; వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, ఆరుబయట దూరం రెట్టింపైతే పోయేది 6 డెసిబెల్స్. పెద్ద స్పీకర్ కొనేదానికంటే ఉన్నదాన్ని జనాలకు దగ్గరికి జరపడం మేలు. నేను దీన్ని స్టాండు మీద, కూర్చున్నోళ్ల తలల కంటే పైకి, మైకు కంటే ముందుకు జనాల వైపు తిప్పి పెడతా. మైకు స్పీకర్ ముందుకు వచ్చిందంటే కూత పెడుతాది. నేల మీద వాల్చినా, పక్కకు పడుకోబెట్టినా, స్టాండు ఎక్కించినా దానంతట అదే సౌండు సర్దుకుంటాది, అది మంచి ఏర్పాటు. నాబ్‌లన్నీ వెనక వైపు ఉండడం కూడా నాకు నచ్చింది. పైన సందులున్న స్పీకర్లలో తలంబ్రాల బియ్యం, అక్షింతలు పోయి ఇరుక్కుంటాయి, ఆ పసుపు బియ్యం గింజలు పిన్నీసుతో తీసే పని దీంతో లేదు.

మేళానికి మైకు అక్కర్లేదు. నాదస్వరం, డోలు వాటంతట అవే ఊరంతా వినపడతాయి. నాయన చెయ్యెత్తి గట్టిమేళం అనంగానే నేను మైకు నాబ్ తగ్గించేస్తా, లేకుంటే డోలు దెబ్బ మైకులో దూరి స్పీకర్ పగిలినట్టు కొడుతాది. మాంగల్యధారణ అయినాక మళ్లా పెంచుతా. పుష్పగిరిలో పెన్న గాలికి మైకుకు స్పాంజి టోపీ ఉండాల్సిందే. ఫోన్లో పాట పెట్టేటప్పుడు ఏరోప్లేన్ మోడ్ వేసి బ్లూటూత్ ఒక్కటి ఆన్ చేయండి, జీలకర్ర బెల్లం టైములో రింగ్‌టోన్ వస్తే బాగుండదు.

సరిపోని చోట్లు కూడా చెప్తా. నూరు నూటయాభై మంది దగ్గరగా కూర్చుంటే ఒకటి చాలు. కల్యాణ మండపంలో ఐదారు వందల మంది మాట్లాడుకుంటా ఉంటే 6 అంగుళాల ఊఫర్ తట్టుకోదు, అప్పుడు లైన్ అవుట్ (సౌండును బయటికిచ్చే సాకెట్) నుంచి మండపం వాళ్ల సౌండు సిస్టమ్‌కు వైరు ఇస్తా. వానకు ఆగేది కాదు, ధర కూడా తక్కువేం కాదు. కొంచెం ఎక్కువ జనాలకు కావాలంటే జేబీఎల్ ఈఆన్ వన్ కాంపాక్ట్ చూడొచ్చు, ఊఫర్ 8 అంగుళాలు, బరువు 8 కేజీలు, బ్యాటరీ 12 గంటల దాకా అని చెప్తారు, దాని బ్యాటరీ కూడా మార్చుకోవచ్చు. వీటికంత పెట్టలేని వాళ్లు ట్రాలీ రకమే తీసుకోండి, తప్పేం లేదు, కాకుంటే డబ్బా మీద వేలల్లో రాసిన పీఎంపీఓ వాట్లు (గొప్పకు రాసే అంకె) వదిలేసి ఆర్ఎంఎస్ వాట్లు (ఆగకుండా నిజంగా ఇచ్చేవి) ఎంతో అడగండి, బ్యాటరీ లిథియమా లెడ్ యాసిడా అడగండి.

తెల్లవారుజాము ముహూర్తాలకు ఇంకో సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, హాలు లాంటి మూసిన చోటైతే లోపలి వాళ్ల మటుకు వాడుకోవచ్చు. నాలుగు గంటల ముహూర్తం ఆరుబయట ఉంటే స్పీకర్ తీయము, పెద్దోళ్లను పీటల దగ్గరికి కూర్చోబెడతాము. అంగడికి పోయినప్పుడు పాట పెట్టి వినిపిస్తారు, అది వద్దని చెప్పి మీ మైకు మీరే తీసుకపోయి తగిలించి, ఒకరిని రోడ్డు మీద నిలబెట్టి, మీ ఇంటి గోత్రం ప్రవర చదివి చూడండి. వాళ్లు తిరిగి అప్పజెప్పగలిగితే కొనండి.